ఇంజనుకు పెట్టిన బొట్టు

మన్మథ నామ సంవత్సరం ఆశ్వయుజ శుద్ధ నవమి, ఉదయం ఏడు గంటల పది నిమిషాలకు మా మామగారు కారు బానెట్టు ఎత్తి ఇంజను మీద మొదటి బిందె నీళ్ళు కుమ్మరించారు. ఇంగ్లీషు లెక్కలో అది 1955. నేను వంటింటి కిటికీ దగ్గర ఉన్నాను, గోడగడియారం నా ఎదురుగా ఉంది. అందుకే నిమిషంతో సహా చెప్పగలుగుతున్నాను. మొత్తం పద్నాలుగు బిందెలు పోశారు. మధ్యలో కుంకుడురసం పోసి కొబ్బరిపీచుతో రుద్దారు. ఏడాది పొడుగునా పట్టిన నూనెజిడ్డు నల్లగా కారి వాకిట్లో కాలువ కట్టింది.

ఆ రోజు ఆయుధపూజ. మడక, కొడవలి, గొడ్డలి, తక్కెడ, కుట్టుమిషను, ఏ పనిముట్టుతో బతుకుతామో దాన్ని కడిగి బొట్టు పెట్టే రోజు. కారు ఉన్న ఇల్లు చుట్టుపక్కల మాదొక్కటే. కారును పైపైన కడిగి ముందు దండ వేస్తే సరిపోయేది. మా మామగారికి సరిపోలేదు. నేల దున్నే కర్రును వదిలేసి చేత్తో పట్టే మేడిని కడిగితే మడకకు పూజ చేసినట్టా అని అడిగేవారు. బండికి ఇంజనే కర్రు అని ఆయన లెక్క.

కారు నా భర్తది. యుద్ధానికి ముందు తయారైన ఇంగ్లీషు బండి. 1951లో మద్రాసుకు పోయి, అప్పటికే ఇద్దరి చేతులు మారినదాన్ని కొనుక్కొచ్చారు. కొన్న రెండేళ్ళకు, పద్దెనిమిది రోజుల జ్వరంతో పోయారు. అప్పటికి నాకు ఇరవై ఒకటి. పిల్లలు లేరు.

బండితో పాటు ఒక ఇంగ్లీషు పుస్తకం వచ్చింది, ఏ భాగం ఎలా విప్పాలో బొమ్మలతో సహా. ఆయన ఎనిమిదో తరగతితో చదువు ఆపేశారు. నేను కడపలో మా అమ్మమ్మ ఇంట్లో ఉండి ఎస్సెల్సీ పాసయ్యాను. కాబట్టి నేను చదివి చెప్పడం, ఆయన విప్పడం, అదీ మా ఏర్పాటు. ఆదివారం మధ్యాహ్నాలు కొట్టంలో కూర్చుని ఆ పుస్తకం మొదటి నుంచి చివరి వరకు రెండుసార్లు పూర్తిచేశాం. ఆయన నేర్పిన మాట ఒకటి నాకు బాగా పనికొచ్చింది. పెట్రోలు చాలకపోతే బండి ఆయాసపడి, ఈడ్చి ఈడ్చి ఆగుతుంది. కరెంటు పోతే చెప్పే మాట సగంలో తెగినట్టు ఠక్కున ఆగుతుంది. ఆగే తీరును బట్టి రోగం తెలుస్తుందనేవారు.

నవమి నాడు కిటికీలోంచి చూస్తున్నప్పుడు నా భయం ఆ రెండో రకం గురించే. ఇంజను పక్కన నల్లటి గుండ్రటి మూత ఒకటి ఉంటుంది. నాలుగు ప్లగ్గులకు వంతుల వారీగా కరెంటు పంచేది అదే. డిస్ట్రిబ్యూటర్ అంటారు. దాని మీద నీళ్ళు పడకూడదని పుస్తకంలో లావుపాటి అక్షరాలతో వేశారు. పడితే విప్పి, లోపలా బయటా పొడిగుడ్డతో తుడిచి ఆరబెట్టమన్నారు. నేను మా అత్తగారిని పిలిచి, ఆ మూత మీద ఏదైనా గుడ్డ కప్పి కడగమని మామగారికి చెప్పమన్నాను.

పూజ జరిగే చోటికి నేను పోకూడదు. ఎవరూ ప్రత్యేకంగా చెప్పిన మాట కాదు. బండికి హారతి ఇచ్చే వేళకు మొగుడు పోయినది ఎదురుగా ఉండకూడదని ఆ ఇంట్లో పనివాళ్ళకు కూడా తెలుసు. మా అత్తగారు వాకిలి దాకా పోయి, చెప్పకుండానే తిరిగొచ్చారు. "పూజ కాడికి నీ మాట తీసుకపోతే ఆయప్ప ఊరుకుంటాడా అమ్మా? కిటికీ మూసి లోపలికి రా" అన్నారు. నేను మూయలేదు.

కడగడం అయినాక మామగారు విభూతి, పసుపు, కుంకుమ తడిపి ముద్దలు చేసుకున్నారు. రేడియేటరుకు, కార్బురేటరుకు, బ్యాటరీకి, ఒక్కొక్క ప్లగ్గుకు, అన్నిటికీ బొట్లు. నల్లటి మూతకు మాత్రం చుట్టూ విభూతి పట్టెలు, నడుమ పసుపు, పసుపు మీద కుంకుమ, దేవుడి విగ్రహానికి పెట్టినట్టు పెట్టారు. చూపుకు గుండ్రంగా తలకాయలా ఉండేది అదొక్కటే మరి. పెట్టి, చెయ్యి దాని మీద అలాగే ఉంచి కాసేపు నిలబడ్డారు. కొడుకు పోయినాక ఆయన ఆ బండిని ఎవరినీ నడపనిచ్చేవారు కాదు, డ్రైవరును తప్ప. తర్వాత కొబ్బరికాయ కొట్టి ఆ నీళ్ళు కూడా ఇంజను మీదే పోశారు. పానాల సంచి, స్క్రూడ్రైవర్లు పూజగదిలో అమ్మవారి ముందు పెట్టారు. మా ఇంటి ఆచారంలో, పూజలో పెట్టిన పనిముట్టును మూడు రోజులు కదిలించకూడదు.

నిమ్మకాయలు తొక్కించడానికి బండి కదిలింది. నాలుగు చక్రాల కింద నాలుగు కాయలు చితికాయి. ఊరి చివర దాకా పోయి, ఠక్కున ఆగింది. ఆరుగురు తోసుకొచ్చారు. మామగారు నవ్వి, పండగ పూట బండికీ విశ్రాంతి కావాలన్నారు. మధ్యాహ్నమంతా బానెట్టు తెరిచి ఎండలో పెట్టారు. సాయంత్రం స్టార్టయింది. అందరూ మరిచిపోయారు.

నేను మరిచిపోకపోవడానికి కారణం ఉంది. ఆ బండిలోనే నేను కర్నూలు పోవాలి.

కర్నూలు అప్పుడు ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని. చాలీచాలని భవనాల్లో, డేరాల్లో ఆఫీసులు నడిచేవి. అక్కడ ఒక ఆఫీసులో గణాంకాలు రాసే గుమాస్తాలు కావాలని, ఆడవాళ్ళకు రెండు ఖాళీలున్నాయని నాకు చదువు చెప్పిన టీచరమ్మ కడప నుంచి కార్డు రాసింది. నేను దరఖాస్తు పెట్టాను. మామగారికి చెప్పే పెట్టాను. ఆయన వారం రోజులు మాట్లాడలేదు. ఎనిమిదో రోజు భోజనం చేస్తూ, సరే, నేనే పిల్చుకపోతా, వాని బండిలో పిల్చుకపోతా, ఉద్యోగం వస్తే కర్నూలులో మా చెల్లెలింట్లో ఉందువు అన్నారు. నా జీవితంలో నాకు మేలు కోరి ఆయన ఇచ్చిన మాట అదొక్కటే. ఇచ్చినప్పుడు మనస్ఫూర్తిగానే ఇచ్చారు. ఇంటర్వ్యూ కార్డు మీద ఉన్న తేదీ ఏకాదశి అయింది. ఉదయం పది గంటలకు హాజరు కావాలి, పేరు పిలిచినప్పుడు లేనివారిని తర్వాత చూడబోమని కింద గీతగీసి ఉంది.

ఆ ఉద్యోగం నాకు ఎందుకంత అవసరమో ఇప్పటివాళ్ళకు చెప్పాలంటే కష్టం. తిండికి లోటు లేదు. నన్ను ఎవరూ కొట్టలేదు. అయితే ఇరవై మూడేళ్ళకు, మిగతా జీవితమంతా ఏ గదిలో గడుస్తుందో, ఏ కిటికీలోంచి ఏం కనిపిస్తుందో తెలిసిపోయింది. కర్నూలు ఉద్యోగం ఆ ఇంట్లోంచి బయటికి ఉన్న ఒకే దారి.

దశమి నాడు తెల్లవారి బయలుదేరితే బాగుంటుందని అడిగాను. మామగారు విజయ ముహూర్తానికి గాని కదలనన్నారు. అది మధ్యాహ్నం రెండు గంటల పది నిమిషాలు. మా ఊరి నుంచి కర్నూలుకు నూట అయిదు మైళ్ళు. మైదుకూరు ఏడు, అక్కడి నుంచి ఆళ్ళగడ్డ ఇరవై ఎనిమిది, అక్కడి నుంచి నంద్యాల ఇరవై అయిదు, అక్కడి నుంచి కర్నూలు నలభై అయిదు. దశమి రాత్రి నంద్యాలలో బంధువుల ఇంట్లో పడుకుని, ఏకాదశి ఉదయం ఏడుకు లేచినా తొమ్మిదికి కర్నూలులో ఉండొచ్చు. లెక్కకు సరిపోయింది. నేను ఒప్పుకున్నాను.

బండిలో ముగ్గురం. డ్రైవరు సాయిబు, అరవై దగ్గర పడిన మనిషి. పక్కన మామగారు. వెనక నేను, సర్టిఫికెట్ల కవరు, ఒక నోటుబుక్కు. ప్రయాణంలో మైళ్ళరాళ్ళు, టైములు రాసుకోవడం పెళ్ళికి ముందు నుంచీ నా అలవాటు.

మొదటిసారి మైదుకూరు దాటాక ఆగింది. ఠక్కున, మాట తెగినట్టు. డ్రైవరు దిగి పెట్రోలు గొట్టం ఊడదీసి నోటితో ఊదాడు. గొట్టం చేత్తోనే ఊడుతుంది, పానాలు లేకుండా ఆయన చేయగలిగింది అంతే. ఇరవై నిమిషాల తర్వాత స్టార్టయింది. పెట్రోల్లో నీళ్ళు కలిసినాయని తేల్చారు. మూడు మైళ్ళకు మళ్ళీ ఆగింది. మళ్ళీ గొట్టం, మళ్ళీ ఊదడం. నిజానికి ఊదినందువల్ల బండి నడవలేదు. ఆగి ఉన్న ఆ ఇరవై నిమిషాల్లో ఇంజను వేడికి మూత కాస్త ఆరేది, నడిచేది. నడిస్తే లోపలి తేమ మళ్ళీ ఆవిరై మూతకే పట్టేది. పైన కొబ్బరినీళ్ళ జిగురుతో కలిసిన పసుపు, విభూతి అట్టకట్టి ఉంది. ప్లగ్గుకు పోవాల్సిన కరెంటు ఆ పూత వెంబడి పాకి ఇంజను ఇనుములోకి దిగిపోతోంది. ఇదంతా నాకు రెండోసారి ఆగినప్పుడే అర్థమైంది. మూడోసారి ఆగినప్పుడు చెప్పాను.

"పెట్రోలు గాదు మామా. ఆగేది చూడండి, దెబ్బకు ఆగుతాండాది. ఆ నల్లమూతకు తడి పట్టింది."

మామగారు వెనక్కి తిరగలేదు. "సాయిబు ముప్పై ఏండ్లుగా బండి తోల్తాండాడు" అన్నారు. సాయిబు గొట్టం మళ్ళీ తగిలించాడు.

దువ్వూరు దాటి నాలుగోసారి ఆగినప్పుడు నంద్యాల పోయే బస్సు వచ్చింది. టైము నాలుగు గంటల అయిదు నిమిషాలు. బస్సు డ్రైవరు మమ్మల్ని చూసి తనే ఆపాడు. కిటికీల్లోంచి నాలుగు సీట్లు ఖాళీగా కనిపించాయి. నేను కవరు తీసుకుని కిందికి దిగాను. నన్ను ఒంటిగా పంపే పని లేదు, మీరూ రండి మామా, బండి సాయిబు తెస్తాడు అన్నాను. బస్సులోంచి ఎవరో "కారు గలోళ్ళు మా బస్సెక్కుతారా అప్పా, పోనీ" అన్నారు. నలుగురు నవ్వారు. మామగారి మొహం ఎర్రబడింది. చేత్తో పొమ్మని సైగ చేశారు. బస్సు పోయింది. "వాని బండి ఉండంగా బస్సెక్కే ఖర్మ మనకేం పట్టింది" అన్నారు నాతో. తిట్టినట్టు అనలేదు, సముదాయించినట్టు అన్నారు. నన్ను ఎక్కువ బాధపెట్టింది ఆ మెత్తదనమే.

ఆరోసారి ఆగినప్పుడు మామగారు కాలవ దగ్గరికి పోయి కాళ్ళూ చేతులూ కడుక్కుంటున్నారు. నేను దిగి సాయిబు పక్కన నిలబడ్డాను. మూతకు రెండు పక్కలా రెండు ఇనప క్లిప్పులుంటాయి, వేలితో నొక్కితే ఊడతాయి, పానా కూడా అక్కర్లేదు, పొడిగుడ్డతో పూతంతా తుడిచేస్తే చాలని చెప్పాను. సాయిబు తువ్వాలుతో మొహం తుడుచుకుని చిన్నగా చెప్పాడు.

"నాకు తెల్దా అమ్మా. నిన్న మొదుట నిలబడినప్పుడే తెలిసె. నేను తుడిస్తే, సాయిబు బొట్టు చెరిపినాడంటారు. పెద్దాయన అనకపోయినా ఊరంతా అంటాది. ఆయప్పనే అడుగు. ఆయప్ప తుడువు అంటే నిమిషం పట్టదు."

అంటే గొట్టం ఊదడమంతా నాటకం. ఆయనను నేను అప్పుడూ తప్పు పట్టలేదు, ఇప్పుడూ పట్టను. పెళ్ళాం పిల్లలున్నవాడు.

ఆళ్ళగడ్డ చేరేసరికి ఆరు గంటల ముప్పై అయిదు నిమిషాలు. ముప్పై అయిదు మైళ్ళకు నాలుగు గంటల ఇరవై అయిదు నిమిషాలు పట్టింది. ఎనిమిదిసార్లు ఆగింది. అక్కడ మెకానిక్కు షాపుకు తాళం వేసి ఉంది. పక్కింటివాళ్ళు పిలిస్తే ఆయన వచ్చాడు గానీ, పానాలన్నీ పూజలో ఉన్నాయి, రేపు పొద్దెక్కేదాకా ముట్టుకోనని చేతులు జోడించాడు. చీకట్లో నంద్యాల దాకా పోవడం సాధ్యం కాదు. తెలిసినవాళ్ళ ఇంట్లో దిగాం. బండి వాళ్ళ వాకిట్లోనే పెట్టారు.

వాకిట్లో దశమి వెన్నెల ఉంది. మామగారు అరుగు మీద కూర్చున్నారు. నేను ఆయన ముందుకు పోయి నిలబడ్డాను. అలా నిలబడి మాట్లాడడం నేను కోడలిగా వచ్చాక అదే మొదటిసారి.

"మామా, ఆ మూత మింద పూసిందంతా తుడిచి ఆరబెడితే బండి నడుస్తాది. నాకు చేతనవుతాది. మీ కొడుకే చూపిచ్చినాడు."

"ఏం తుడుస్తావు?"

"పసుపు. కుంకుమ."

ఆయన బండి వైపు తిరిగారు. తర్వాత, గొంతు పెంచకుండా అన్నారు.

"వాడు పోయిన పదోనాడు నీ నొసట్ది మేం తుడిచినాము. ఇప్పుడు వాని బండిది నువ్వు తుడుస్తానంటాండావా?"

ఒకటి మనిషి మీద పెట్టింది, ఒకటి ఇనుము మీద పెట్టింది అని చెప్పొచ్చు. పద్నాలుగు బిందెల నీళ్ళు పోసింది మీరు అని చెప్పొచ్చు. మూడు దినాలు కానీ, ద్వాదశి నాడు మనమే కడుగుదాం, రేపు పొద్దున్నే లేస్తే టైముకు పోతాంలే అని ఆయనే అన్నారు. ద్వాదశి నాటికి ఇంటర్వ్యూ అయిపోయి ఒక రోజవుతుంది. ఆ మాట కూడా నేను అనలేదు.

ఇక్కడ నా తప్పు ఉంది, రాయకపోతే లెక్క సరిపోదు. ఆ రాత్రి నేను పడుకున్న చోటికి బండి పది పన్నెండడుగుల దూరంలో ఉంది. అందరూ నిద్రపోయారు. రెండు క్లిప్పులు, ఒక గుడ్డ, పావుగంట పని. నేను లేవలేదు. ఆయనకు భయపడి లేవలేదని చాలా ఏళ్ళు చెప్పుకున్నాను. అది పూర్తిగా నిజం కాదు. తుడిచే చెయ్యి నాదై ఉండడం నాకూ ఇష్టం లేకపోయింది. చదువుకున్నదాన్ని, పుస్తకం చదివి చెప్పినదాన్ని, నాకూ ఆ పసుపు ముద్ద మీద చెయ్యి వేయడానికి మనసు రాలేదు. మామగారు అన్న మాట నాలో ముందు నుంచే ఉంది కాబట్టే అంత బాగా తగిలింది.

ఏకాదశి ఉదయం అయిదుంబావుకు బండిలో కూర్చున్నాం. మంచు కురిసి బండంతా తడిగా ఉంది. సెల్ఫు పట్టలేదు. హ్యాండిల్ వేసి తిప్పారు. సాయిబు తిప్పాడు, ఇంటివాళ్ళ జీతగాడు తిప్పాడు, మామగారు కూడా అరవై రెండేళ్ళ వయసులో పైపంచె నడుముకు చుట్టుకుని తిప్పారు. యాభై నిమిషాలు. ఆరు గంటల అయిదు నిమిషాలకు స్టార్టయింది. నంద్యాల చేరేలోపు నాలుగుసార్లు ఆగింది. మూడోసారి ఆగినప్పుడు మామగారు తనే దిగి, బానెట్టు ఎత్తి, ఆ మూతకు దండం పెట్టారు. నేను గడియారం చూసుకున్నాను. ఏడు గంటల నలభై నిమిషాలు.

నంద్యాల చేరింది ఎనిమిది ఇరవై అయిదుకు. ఊళ్ళోకి రాగానే రోడ్డు పక్కన ఒక మెకానిక్కు షాపు తెరిచి ఉంది. తలుపు మీద శిలువ గుర్తు ఉంది. ఈయనకు ఆయుధపూజ లేదు, పానాలు చేతిలో ఉన్నాయి. ఒక లారీ పని ముగించుకుని మా దగ్గరికి రావడానికి పావుగంట పట్టింది. వచ్చి, బానెట్టు ఎత్తి, ఏదీ ముట్టుకోకముందే నవ్వాడు.

"ఏమప్పా, ఇంజనుకు గూడా తలంటు పోసినారా?"

సాయిబు నేల చూపులు చూశాడు. మెకానిక్కు నల్లమూతను వేలితో తట్టాడు. "పెద్దాయనా, రోగం ఈడ ఉండాది. ఇదంతా తుడిచాల. మీకు పట్టింపు ఉంటాదని అడుగుతాండా. తుడిచేదా?"

మామగారు తల పక్కకు తిప్పారు. అవతల నన్ను చూశారో లేదో తెలియదు. "కానీ" అన్నారు.

అంతే. నేను ఒక రోజు ముందు అడిగితే దొరకనిది, ముక్కూమొహం తెలియనివాడు అడిగితే ఒక్క మాటలో దొరికింది. ఆయన పరాయివాడు, ఆ బొట్టుతో సంబంధం లేనివాడు, కాబట్టి తుడవొచ్చు. నా చెయ్యి తప్ప ఏ చెయ్యి అయినా పనికొచ్చేది. సాయిబు కూడా ఒక్కసారి అడిగి ఉంటే తుడవమనేవారేమో. అడిగే ధైర్యం ఆయనకు లేదు, ఆయప్పనే అడుగు అని చెప్పినా, ఆయన తరఫున అడగాలని నాకు తోచలేదు.

మెకానిక్కు క్లిప్పులు నొక్కి మూత ఊడదీశాడు. లోపల నీటి చెమ్మ ముత్యాల్లా పట్టి ఉంది. పెట్రోలు గుడ్డతో బయటా లోపలా తుడిచాడు. కరెంటు పాకిన చోట వెంట్రుక మందాన నల్లటి చార పడింది, దాన్ని చాకుమొనతో గీకి తీశాడు. ప్లగ్గుల తలల మీది బొట్లు కూడా తుడిచాడు. మూత బిగించాడు. పదకొండు నిమిషాలు. ఆ పసుపుపచ్చటి గుడ్డను ఒక డబ్బాలోకి విసిరేశాడు.

సెల్ఫు నొక్కితే మొదటిసారికే అందుకుంది. మామగారు ఆయనతో చెయ్యి కలిపి, ఇంటివాళ్ళ క్షేమం అడిగి, మర్యాదగా మాట్లాడి ఎక్కేసరికి తొమ్మిది గంటల ఏడు నిమిషాలు. నంద్యాల నుంచి కర్నూలుకు నలభై అయిదు మైళ్ళలో బండి ఒక్కసారి కూడా ఆగలేదు. గంటా ముప్పై అయిదు నిమిషాలు, కుట్టుమిషనులా నడిచింది. మామగారు నడుమ ఒకసారి, సంతోషంగానే, చూసినావా ఎట్ల పోతాండాదో అన్నారు.

పది నలభై రెండుకు ఊళ్ళోకి వచ్చాం. ఆఫీసు వెతుక్కుని చేరింది పది యాభై రెండుకు. వరండాలో బెంచీ ఖాళీగా ఉంది. బంట్రోతు నా కార్డు చూసి, ఆడవాళ్ళ పేర్లు ముందే పిలిచినారమ్మా, పది గంటలకే, ఏడుగురు వచ్చినారు, అయిపాయె అన్నాడు. నేను లోపలికి పోతానన్నాను. పోనిచ్చాడు. ఒక అధికారి నా కార్డు చూసి, కింద గీతగీసిన వాక్యం చూపించాడు. దారిలో కారు చెడిపోయిందని చెప్పాను. ఆయన కిటికీలోంచి బయట కడిగి తళతళలాడుతున్న బండిని చూశాడు. కార్డు నా చేతికిచ్చాడు.

తిరుగు ప్రయాణంలో కూడా బండి ఒక్కసారీ ఆగలేదు. ఇంటికి చేరాక, మా అత్తగారు, పక్కిళ్ళవాళ్ళు చుట్టూ కూర్చున్నప్పుడు, మామగారు నన్ను పిలిచి అడిగారు. "నువ్వు రాసుకుంటాంటివి గదమ్మా. మొత్తం ఎన్నిమార్లు నిలబడె?"

నేను నోటుబుక్కు చూసి చెప్పాను. నవమి నాడు ఒకటి, దశమి నాడు ఎనిమిది, ఏకాదశి నాడు నాలుగు. పదమూడు.

"పదమూడుమార్లు వద్దనింది అమ్మవారు" అన్నారాయన, అందరికీ వినబడేట్టు. "మనమే ఇనలేదు. ఆ ఉద్యోగం రాసిపెట్టి లేదు. పోనీ, ఇంక ఆ మాట ఎత్తొద్దు."

తల ఊపనివాళ్ళు లేరు. ఆయన అబద్ధం చెప్పలేదు, నమ్మే చెప్పారు. అంకె నేనిచ్చిందే. తప్పు చెప్పి ఉండొచ్చు, రెండో మూడో అని. లెక్క తప్పు చెప్పడం నాకు చేతకాలేదు. ఆ తర్వాత టీచరమ్మ రెండు కార్డులు రాసింది, ఒకటి ఉపాధ్యాయ శిక్షణకు, ఒకటి ఇంకో ఆఫీసుకు. రెండుసార్లూ ఇంట్లో అమ్మవారి మాటే జవాబుగా వచ్చింది. మరుసటి ఏడు నవంబరులో రాజధాని హైదరాబాదుకు పోయింది, ఆఫీసులూ దాని వెంట పోయాయి. ఆ తర్వాత టీచరమ్మ కార్డులు రాయడం మానేసింది.

మామగారు బతికి ఉన్నన్నాళ్ళూ ఆయుధపూజకు ఇంజను కడగడం మానలేదు. మరుసటి ఏడు నుంచి నల్లమూత మీద మాత్రం సాయిబు రబ్బరు గుడ్డ చుట్టేవాడు. ఎవరు చెప్పారని మామగారు అడగలేదు.

పోయినవి ఇవి. దశమి నాడు దారిలో మూడు గంటల అయిదు నిమిషాలు. ఏకాదశి ఉదయం ఆళ్ళగడ్డలో యాభై నిమిషాలు, నంద్యాల చేరేలోపు దారిలో గంటా ఇరవై అయిదు నిమిషాలు, నంద్యాలలో నలభై రెండు నిమిషాలు. మొత్తం ఆరు గంటల రెండు నిమిషాలు. ఆలస్యం యాభై రెండు నిమిషాలు. రెండు ఖాళీల్లో ఒకటి. తర్వాత వచ్చిన రెండు కార్డులు. ఆ ఇంట్లో ఇంకో ముప్పై ఒక్క సంవత్సరాలు.